మచ్చుకత్తి ఎవరి చేతిలో ఉన్నది?
ఆయుధ నియంత్రణ, ఫ్యాక్షన్ హింస, మన ప్రసంగములు – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితం ఎమ్మిగనూరు ప్రాంతములోని ఒక గ్రామ సంఘములో మేము యెషయా 2:1-5 వాక్యభాగము మీద ప్రసంగించాము. జనములు తమ ఖడ్గములను నాగటి నక్కులుగాను, ఈటెలను మచ్చుకత్తులుగాను మార్చుకొందురని ప్రవక్త చూసిన దర్శనమును వివరించి, సమాధానమును గూర్చి మాకు తెలిసినదంతా చెప్పాము. ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మెల్లగా దగ్గరకు వచ్చి ఇలా అడిగింది: "అయ్యగారూ, నా కొడుకును నరికిండేది మచ్చుకత్తితోనే కదా. ఈటె పోయి మచ్చుకత్తి అయితే మాకు ఒరిగిందేముందయ్యా?"

ఆ దినమున మా దగ్గర జవాబు లేదు. బైబిలు తెలుగులో మచ్చుకత్తి సమాధానమునకు గుర్తు. మన జిల్లా వార్తాపత్రికలలో అదే మాట హత్యా వార్తలలో కనబడుతుంది. ఒకే మాట ఇక్కడ ఈ రెండు అర్థములను మోస్తున్నదని గమనించక ఎన్ని సంవత్సరములు ప్రసంగించామో తలచుకొంటే సిగ్గు కలుగుతుంది.

ఆయుధ నియంత్రణను గూర్చి మన ప్రసంగ పీఠముల నుండి వినబడుతున్న వాదములను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు అనుభవముతోను, లేఖనములతోను సరిచూడడం ఈ వ్యాసము ఉద్దేశము. మా విమర్శ మొదట మా మీదనే అని మనవి.

2. దిగుమతి అయిన వాదము

తుపాకులను గూర్చి మన యౌవనస్థుల కూటములలో ప్రశ్న వచ్చినప్పుడు మనము ఇచ్చే జవాబులు చాలావరకు అమెరికా పుస్తకముల నుండి, ప్రసంగముల నుండి వచ్చినవే. అవి ముఖ్యముగా రెండు. మొదటిది: "చంపేది తుపాకి కాదు, మనుష్యుని హృదయము. హృదయము మారితే చాలు, చట్టముతో పని లేదు." రెండవది: "ఖడ్గము లేనివాడు వస్త్రము అమ్మి అయినా దానిని కొనుక్కోవాలని ప్రభువే చెప్పెను గనుక (లూకా 22:36) ఆత్మరక్షణకు ఆయుధము ఉంచుకొనుట తప్పు కాదు."

ఈ వాదములు పుట్టిన దేశములో ఆయుధము కలిగి ఉండు హక్కు 1791లో రాజ్యాంగ సవరణగా చేరింది. 2021లో అక్కడ తుపాకుల వలన చనిపోయినవారు 48 వేలకు పైగా ఉన్నారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకొన్నవారు. ఈ రెండవ సంఖ్యను మన ప్రసంగీకులు తలచరు. నిరాశలో ఉన్న మనుష్యునికి చేతికి అందే దూరములో తుపాకి ఉండడం వేరు, లేకపోవడం వేరు. హృదయము రెండు చోట్ల ఒకటే. మధ్యలో ఉన్న వస్తువు తేడా తెస్తున్నది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్ వద్ద ఒకడు 35 మందిని కాల్చి చంపిన తరువాత ఆ దేశము కఠినమైన చట్టము చేసి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను ప్రజల నుండి వెల చెల్లించి తీసుకొన్నది. వస్తువును తగ్గించడం కూడ ప్రాణమును కాపాడే పనియే అని ఆ దేశము నమ్మింది.

ఈ సంగతి మన తెలుగు కుటుంబములకు దూరపుది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రములోని ఒలేతలో హైదరాబాదుకు చెందిన ఇంజినీరు ద్వేషముతో కాల్చబడ్డాడు. 2023 మేలో టెక్సాస్‌లోని అలెన్ పట్టణపు అంగళ్లలో జరిగిన కాల్పులలో మరొక తెలుగు యువతి ప్రాణము పోయింది. ఆ శవపేటికలు మన ఊళ్లకు వచ్చాయి. అయినను ఆ దేశపు తుపాకి వాదమునే మనము మన యౌవనులకు బోధిస్తున్నాము.

లూకా 22:36 విషయమునకు వద్దాము. శిష్యులు రెండు ఖడ్గములు చూపినప్పుడు ప్రభువు అంతటితో ఆ మాట ముగించెను. అంతమంది శిష్యుల ఆత్మరక్షణకు రెండు ఖడ్గములు ఎట్లు సరిపోతాయి? 37వ వచనములో ఆయనే కారణము చెప్పుచున్నాడు: అక్రమకారులలో ఒకడుగా తాను ఎంచబడవలెనన్న లేఖనము నెరవేరవలెను. అదే అధ్యాయములో ఆ ఖడ్గము నిజముగా దూయబడినప్పుడు ఆయన దానిని ఆపి, తెగిన చెవిని ముట్టి స్వస్థపరచెను (22:49-51). 36ను చదివి 51ని చదవకుండా ఆపివేసే ప్రసంగమును వాక్య పరిచర్య అని పిలువలేము.

3. ఈ నేల మీది ఆయుధములు

అయితే ఆయుధ నియంత్రణ వాదమును కూడ ఉన్నది ఉన్నట్లుగా దిగుమతి చేసుకొంటే ఇక్కడ సరిపోదు. ఎందుకనగా పశ్చిమ కర్నూలు పల్లెలలో చంపే ఆయుధము ఎక్కువగా తుపాకి కాదు. నాటు బాంబు, వేటకొడవలి, మచ్చుకత్తి, బండరాయి, కొన్నిసార్లు లారీ, ట్రాక్టరు.

దేవనకొండ మండలములోని కప్పట్రాళ్లను తీసుకొందాము. 2008 మే 17న ఆ గ్రామ నాయకుడు వెంకటప్ప నాయుడును, ఆయనతో ఉన్న పదిమందిని ప్రత్యర్థులు చంపారు. ప్రయాణములో ఉన్న వాహనమును లారీతో ఢీకొట్టించి, బాంబులు వేసి, నరికారు. 2014 డిసెంబరులో ఆదోనిలోని కోర్టు ఆ కేసులో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. ఒక దినమున పదకొండు ఇండ్లలో ఏడ్పు, ఆరేండ్ల తరువాత మరొక దినమున ఇరవైయొక్క ఇండ్లలో ఏడ్పు. రెండు వైపుల ఏడ్చినది తల్లులు, భార్యలు, పిల్లలే.

పత్తికొండ నియోజకవర్గమునకు అప్పట్లో వైఎస్సార్ కాంగ్రెస్ ఇన్‌చార్జిగా ఉన్న చెరుకులపాడు నారాయణరెడ్డి 2017 మే 21న కృష్ణగిరి మండలములో, ఒక వివాహమునకు వెళ్లి తిరిగి వస్తుండగా హత్య చేయబడ్డారు. ఆయన అనుచరుడు కూడ చనిపోయాడు. ఆయన తుపాకి లైసెన్సును సకాలములో పునరుద్ధరించలేదని, అందువలన ఆయన నిరాయుధుడయ్యాడని ఆయన పార్టీవారు అప్పుడు ఆరోపించారు. ఈ ఆరోపణ మన చర్చకు కీలకమైనది. తుపాకి ఉండి ఉంటే ప్రాణము దక్కేదా? వాహనమును అడ్డగించి, గుంపుగా మీదపడినప్పుడు ఒక తుపాకి ఏమి చేయగలదో మేము తేల్చి చెప్పలేము. కానీ తుపాకి ఉన్నవారికి ఈ నేల మీద ఏమి జరిగిందో చూడవచ్చును. చుట్టూ గన్‌మెన్ ఉన్న పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురములో తన పార్టీ కార్యాలయము వద్దనే కాల్చి చంపబడ్డారు. ఆ హత్యలో నిందితుడైన మద్దెలచెరువు సూరిని 2011 జనవరిలో హైదరాబాదులో కారులో తనతో ఉన్న అనుచరుడే కాల్చాడు. శత్రువు నుండి కాపాడుటకు దగ్గర ఉంచుకొన్న తుపాకి ఎవరి వైపు తిరుగునో దానిని ఉంచుకొన్నవాడు నిర్ణయించలేకపోయాడు.

4. చట్టము చూసేది, చూడనిది

మన దేశములో ఆయుధముల చట్టము 1959 నాటిది. అంతకు ముందు 1878లో బ్రిటిష్ ప్రభుత్వము చేసిన చట్టము ఉండెను. ఆ పాత చట్టము భారతీయులను నిరాయుధులను చేసి, పాలకులకు మాత్రము ఆయుధములను మిగిల్చిందని గాంధీ మొదలైన వారు దానిని ఖండించారు. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించి, వేడుకలలో గాలిలోకి కాల్చడమును కూడ నేరముగా చేసింది. నాటు బాంబులకు 1908 నాటి పేలుడు పదార్థముల చట్టము వేరుగా ఉన్నది.

కొడవలి సంగతి ఏమి? ఇంటి పనికి, వ్యవసాయ పనికి మాత్రమే చేసిన వస్తువులను 1959 చట్టము ఆయుధముల నిర్వచనము నుండి మినహాయిస్తుంది. లాఠీని, చేతికర్రను పేరు పెట్టి మినహాయించింది. ఇది న్యాయమే. కొడవలి లేకుండా జొన్న చేనిలో కూలి లేదు. సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లే కోసిగి, కౌతాళం మండలముల కూలీని పనిముట్టు ఎందుకు ఉంచుకొన్నావని చట్టము అడగకూడదు. హొళగుంద మండలములోని దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరమునకు ముందు పోలీసులు ఊరూరా సభలు పెట్టి, కర్రలను స్వాధీనము చేసుకొని, కెమెరాలు బిగించినా, తలలు పగలడం ఆగలేదు. కర్రను మొత్తముగా తీసివేయగల చట్టము ఏదియు లేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగింపజేస్తారు. పాత కేసులు ఉన్నవారిని తహశీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. ఇవి అవసరమే; ఇవి లేకుంటే ఎంత రక్తము కారేదో ఎవరు చెప్పగలరు? అయినను 2024 మే 13 పోలింగు దినమునను, ఆ తరువాతను పల్నాడులో, తాడిపత్రిలో, తిరుపతిలో రాళ్లు, కర్రలు, పెట్రోలు బాంబులు లేచాయి. ఎన్నికల సంఘము అధికారుల మీద చర్య తీసుకొని, ప్రత్యేక దర్యాప్తు బృందమును వేయించవలసి వచ్చింది. లైసెన్సు తుపాకి స్టేషనులో ఉన్నది, పగ మాత్రము ఇంటనే ఉన్నది.

దీనికి మరొక వైపు కూడ చూడాలి. 2020 డిసెంబరులో ఆదిలాబాదులో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన తగాదాలో ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్సు రివాల్వరుతో కాల్పులు జరిపాడు. ఒకరి ప్రాణము పోయింది. ఆ రివాల్వరు ఆ సాయంత్రము చేతికి అందకుండా ఉంటే ఆ తగాదా తిట్లతో, దెబ్బలతో ముగిసి ఉండేదేమో. కాబట్టి చట్టము అన్నిటికి చాలదు గనుక అసలే వద్దు అనే వాదము నిలువదు.

లైసెన్సులోనే మరొక అన్యాయము దాగి ఉన్నది. ప్రాణభయము ఉన్నదని దరఖాస్తు పెట్టి, పోలీసు నివేదిక తెప్పించుకొని, తుపాకి కొనగలవాడు నాయకుడు. అతని కొరకు బాంబు మోసేవాడు, జైలుకు పోయేవాడు, చనిపోయేవాడు మాల, మాదిగ, బోయ, కురువ ఇండ్ల కూలీ. వానికీ ప్రాణభయము ఉన్నది, కాని దానికి దరఖాస్తు ఫారము లేదు. మన సంఘములలో కూర్చొనేవారిలో ఎక్కువమంది ఈ రెండవవాని ఇంటివారే.

5. తెర మీది ఆయుధము

మన యౌవనులకు ఆయుధమును గూర్చి బోధించినది పాస్టర్లకంటె సినిమా ఎక్కువ. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మూడింటికీ దర్శకుడు బి. గోపాల్. ఈ చిత్రములలో ఆయుధము విషయములో ఒక సిద్ధాంతము ఉన్నది: చెడ్డవాని చేతిలో ఆయుధము పాపము, కథానాయకుని చేతిలో అదే ఆయుధము న్యాయము. చట్టము ఉన్నా లేనట్లే. హృదయము మంచిదైతే చేతిలో కొడవలి ఉన్నా పరవాలేదు.

ఇది మన ప్రసంగ పీఠపు వాదమే కదా! "ఆయుధము కాదు, హృదయమే సమస్య" అని మనము చెప్పినప్పుడు, తన హృదయము మంచిదని నమ్మే ప్రతి యౌవనస్థునికి మనము అనుమతి ఇస్తున్నాము. పగ తీర్చుకొనేవాడు ఎవడూ తన హృదయము చెడ్డదని అనుకొనడు. తండ్రి రక్తమునకు న్యాయము చేస్తున్నానని అనుకొంటాడు. లెమెకు కూడ అట్లే పాడుకొన్నాడు (ఆదికాండము 4:23-24).

2018లో వచ్చిన త్రివిక్రమ్ చిత్రము 'అరవింద సమేత వీర రాఘవ' ఈ వరుసలో వేరుగా నిలబడింది. విధవరాండ్ర దుఃఖము వైపు నుండి పగను చూడడం, కత్తి పట్టినవానికంటె దానిని ఆపినవాడు గొప్పవాడని చెప్పడం అందులోని మేలు. అయితే ఆ చిత్రము కూడ చివరకు ప్రత్యర్థిని కథానాయకుని చేతనే చంపిస్తుంది. సమాధానమును కోరిన కథకు కూడ రక్తము లేకుండా ముగింపు దొరకలేదు. దర్శకుని మాత్రమే తప్పు పట్టడం సులభము. అటువంటి ముగింపును ఊహించగల భాషను ఈ ప్రాంతపు సంఘము అతనికి ఎప్పుడైనా ఇచ్చిందా అని అడగడం కష్టము.

6. లేఖనములు ఏ దారి చూపుచున్నవి?

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టించువాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. పైనుండి ఎవడైనా పడి చనిపోతే ఆ రక్తదోషము ఇంటి మీదికి వస్తుంది. ఇక్కడ ఇంటివాని హృదయమును గూర్చి ప్రశ్న లేదు. అతడు ఎంత మంచివాడైనా గోడ కట్టవలసినదే. ఆయుధ నియంత్రణకు వేదాంతపరమైన పునాది ఇదియే అని మా అభిప్రాయము. చట్టము పిట్టగోడ వంటిది. అది ఎవనినీ నీతిమంతునిగా చేయదు, కాని పడిపోకుండా ఆపుతుంది.

నిర్గమకాండము 21:29లో పొడిచే అలవాటు ఉన్న ఎద్దును గూర్చి ముందే హెచ్చరిక పొందినను కట్టి ఉంచని యజమానుడు దాని చేత జరిగిన మరణమునకు బాధ్యుడు. లైసెన్సు పొందినవాడు, బాంబులు చుట్టించినవాడు, అనుచరులను ఉసికొల్పినవాడు ఈ వచనము క్రింద నిలబడతారు. పొడిచినది ఎద్దు అని చెప్పి యజమానుడు తప్పించుకోలేడు.

సంఖ్యాకాండము 35:16-21 మరింత లోతుగా వెళ్తుంది. ఇనుప వస్తువు, రాయి, కర్ర అని ఆయుధములను ఒక్కొక్కటిగా చెప్పి, ఆ తరువాత పగ, ద్వేషము, పొంచియుండుట అనే మాటలకు వస్తుంది. ధర్మశాస్త్రము వస్తువును విడిచి హృదయమును చూడలేదు. హృదయమును విడిచి వస్తువును చూడలేదు. అదే అధ్యాయములో ఆశ్రయపురములు ఉన్నవి. ప్రతిహత్య చేయువాని చేతికి చిక్కకముందే న్యాయసభ ముందు నిలువగల చోటును దేవుడు ఏర్పాటు చేసెను. మన దగ్గర నిందితుడును భయపడుతున్నాడు, సాక్షియు భయపడుతున్నాడు. కోర్టులో సాక్షులు మాట మార్చుకొంటున్నారు. ఊరిలో పెద్దలు కేసు "రాజీ" చేస్తున్నారు. ఆ రాజీలో విధవరాలిని ఎవరూ అడగరు.

1 సమూయేలు 13:19-22 మనలను హెచ్చరిస్తుంది. ఫిలిష్తీయులు ఇశ్రాయేలులో కమ్మరవాడు లేకుండా చేశారు. నక్కులను, గొడ్డళ్లను పదును పెట్టించుకొనుటకు కూడ జనులు వారి యొద్దకే పోవలసి వచ్చెను. అదియు ఆయుధ నియంత్రణయే, కాని అణచివేసేవాని నియంత్రణ. 1878 చట్టము దానికి మన దేశపు పోలిక. బలవంతుని చేతిలో తుపాకి మిగిల్చి బలహీనుని ఇల్లు మాత్రమే సోదా చేసే నియంత్రణను సంఘము ఆశీర్వదించకూడదు.

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు తిరిగి వద్దాము. యోవేలు 3:10 యెషయా దర్శనమును తలక్రిందులు చేస్తుంది. అక్కడ మచ్చుకత్తులే ఈటెలవుతాయి. కావున ఒకే ఇనుము రెండు దిక్కులకు పోగలదని లేఖనమునకు ముందే తెలుసు. యెషయా, మీకాల దర్శనములో ఇనుము రూపము మారడం మొదటి సంగతి కాదు. దానికి ముందు దేవుడు జనముల మధ్య న్యాయము తీర్చును. దాని తరువాత వారు యుద్ధము నేర్చుకొనుట మానుదురు. మీకా 4:4 మరొకటి చేర్చింది: ప్రతివాడును తన ద్రాక్షచెట్టు క్రింద, అంజూరపు చెట్టు క్రింద భయపెట్టువాడు లేకుండ కూర్చుండును. న్యాయము, నేర్చుకొన్నదానిని మరచుట, కూర్చుండుటకు సొంత నీడ అనే మూడింటి నడుమ పెట్టినప్పుడే మచ్చుకత్తి మరల పనిముట్టు అవుతుంది. వాటి నుండి విడదీసి మేము ప్రసంగించాము గనుకనే ఆ తల్లికి అది తన కొడుకును నరికిన వస్తువుగానే కనబడింది.

7. సంఘమునకు కొన్ని మాటలు

ఈ విమర్శ నుండి కొన్ని ఆచరణ సంగతులు వస్తున్నవి. మొదటిది, నాయకుల క్రొత్త వాహనములకు ప్రార్థన చేయుటకు పిలిచినప్పుడు మనము వెళ్తున్నాము. అందులో ఏ ఆయుధములు ఉంచుతారో మనకు తెలిసి కూడ మాట్లాడము. మందిర నిర్మాణమునకు ఇచ్చిన సిమెంటు మన నోరు మూసింది. ఎద్దు పొడిచేదని తెలిసి మౌనముగా ఉన్నవాడు ఏ వరుసలో నిలుచునో ఆలోచించవలెను.

రెండవది, నాటు బాంబులు దాచిన ఇల్లు సంఘములో ఉంటే అది కుటుంబ రహస్యము కాదు. మందు కూరుతుండగా చేతులు పోయినవారిని, ఆడుకొంటూ ముట్టుకొని కాలిన పిల్లలను మనము ఎరుగుదుము. వాటిని తాకవద్దని, పోలీసులకు తెలియజేయవలెనని, అట్లు తెలిపినవారిని సంఘము విడువదని బహిరంగముగా బోధించవలెను.

మూడవది, సాక్షుల వెంట కోర్టుకు వెళ్లుట. ఆదోని కోర్టు వరండాలో భయముతో నిలబడ్డ విధవరాలి పక్కన పాస్టరు కూర్చొనుట ఒక ప్రసంగముకంటె ఎక్కువ. రెండు "పార్టీల" కుటుంబములు ఒకే సంఘములో ఉన్నచోట ఇది ఖరీదైన పని. మేము ఈ పనిని ఒకసారి చేశాము; అనేకసార్లు చేయలేదు.

నాల్గవది, కప్పట్రాళ్లలో తరువాత జరిగినదానిని గమనించుట. కర్నూలు జిల్లా ఎస్పీగా ఉన్నప్పుడు ఆకె రవికృష్ణ ఆ గ్రామమును దత్తత తీసుకొన్నారు. ఆయుధములను పట్టుకొనుట తన పని అయిన పోలీసు అధికారియే, ఊరి బాగును కూడ తన పనిగా ఎంచుకొన్నాడు. హృదయమును గూర్చి బోధించే మనము ఊరి బడిని గూర్చి, పనిని గూర్చి, నీళ్లను గూర్చి మాట్లాడకుండ ఉండుట ఎట్లు?

8. ముగింపు

తుపాకిని నియంత్రించే చట్టము అవసరము, అది పిట్టగోడ. కాని మిద్దె మీద ఒకరినొకరు తోసుకొంటున్న ఇంటికి గోడ ఒక్కటే చాలదు. "హృదయము మారితే చాలు" అని గోడను పడగొట్టే బోధకుడును, "గోడ ఉంటే చాలు" అని తగాదాను పట్టించుకొనని అధికారియు ఒకే తప్పు చేస్తున్నారు. వేదాంత విద్యార్థులు ఈ రెండింటి మధ్య తమ గ్రామముల అనుభవమును పెట్టి పరిశోధించవలెనని మా మనవి. ప్రతి గ్రామములో హత్యల చరిత్రను విధవరాండ్ర నోట విని వ్రాసిపెట్టితే అది మన వేదాంతమునకు మంచి మూలగ్రంథము అవుతుంది.

ఆ వృద్ధురాలు ఇప్పుడు లేదు. ఆమె మనుమడు సుగ్గికి వెళ్లినప్పుడు తీసుకొనిపోయే కొడవలి ఆ ఇంటి చూరులో దోపి ఉండేది. అది అక్కడే పనిముట్టుగా ఉండిపోవుటకు ఈ సంఘము ఏమి చేసిందని ప్రభువు మనలను అడుగును.